గుండె గుట్టు విప్పిన ఎర్రబస్సు

ఒకే బస్సు, ఒకే దారి, ఇంచుమించు ఒకే రకం జీతం. డ్రైవర్‌కి గుండెపోటు ఎక్కువ, కండక్టర్‌కి తక్కువ. ఎందుకు? డెబ్భై ఏళ్ల కిందట లండన్ వీధుల్లో పుట్టిన ఈ ప్రశ్నకి దొరికిన జవాబు ఈరోజు మన ఇంటి సోఫా దాకా వచ్చింది. ఆ జవాబు వెంట లండన్‌ని ఓసారి చుట్టి వద్దామా...

‘ఎర్రబస్సెక్కి వచ్చినట్టున్నాడు’ అని మన దగ్గర ఎవరినైనా అంటే అది వెక్కిరింత. లండన్‌లో మాత్రం ఎర్రబస్సుదే దర్జా. ఆ ఊరు వెళ్లినవాళ్లు బిగ్‌బెన్, టవర్ బ్రిడ్జి, మైనపు బొమ్మల మ్యూజియం చూసి, రెండంతస్తుల ఎర్రబస్సు ముందు నిలబడి ఫొటో దిగకుండా తిరిగిరారు. ఈస్ట్‌హామ్‌లోనో హౌన్‌స్లోలోనో కాపురం ఉంటున్న కొడుకునీ కోడలినీ చూడ్డానికి వెళ్లిన మన అమ్మానాన్నలు కూడా అంతే. మేడమీది అంతస్తులో ముందు సీటు దొరికితే చిన్నపిల్లలైపోతారు.

అయితే ఆ బస్సుకి సంబంధించిన ఒక సంగతి ఏ గైడూ పెద్దగా చెప్పడు. కదలకుండా కూర్చుంటే గుండెకి చేటు అన్న మాటకి లెక్కలతో సహా తొలి గట్టి సాక్ష్యం దొరికింది ఆ బస్సులోనే! డాక్టరు ‘రోజూ అరగంట నడవండి’ అని చీటీ మీద రాసినప్పుడల్లా, ఆ సలహా వెనకాల లండన్ బస్సు మెట్లు ఎక్కీ దిగీ అలసిన వేలమంది కండక్టర్లున్నారు.

పూలబజారులో పాత బస్సులు

ఈ యాత్ర మొదలుపెట్టాల్సిన చోటు కోవెంట్ గార్డెన్. ఒకప్పుడు కూరగాయలు, పూలు, పండ్లు అమ్మిన పెద్ద బజారు అది. పాత పూలబజారు భవనంలో 1980 నుంచి లండన్ రవాణా మ్యూజియం నడుస్తోంది. గుర్రాలు లాగిన బండ్లు, ట్రాములు, తొలినాటి భూగర్భ రైళ్లు, వాటి పక్కన ఎర్రగా మెరిసే రెండంతస్తుల బస్సులు... పిల్లలతో వెళితే పూట ఇట్టే గడిచిపోతుంది.

భూగర్భ రైలులో వచ్చినవాళ్లకి స్టేషన్లోనే చిన్న పరీక్ష ఎదురవుతుంది. కోవెంట్ గార్డెన్ స్టేషన్ నుంచి పైకి రావాలంటే లిఫ్టు ఉంది. లేదంటే గుండ్రంగా తిరిగే మెట్లదారి ఉంది. మొత్తం 193 మెట్లు, పదిహేనంతస్తుల మేడ ఎక్కినట్టేనని హెచ్చరిక కూడా రాసిపెట్టారు. చాలామంది బుద్ధిగా లిఫ్టు దగ్గర వరసలో నిలబడతారు. ఇంకో తమాషా ఏమిటంటే, పక్క స్టేషన్ లీస్టర్ స్క్వేర్ ఇక్కడికి 260 మీటర్లే. లండన్ భూగర్భ రైలు మార్గంలో ఇంత దగ్గర దగ్గరగా ఉన్న స్టేషన్లు మరి లేవు. లిఫ్టు కోసం ఆగి, రైలు కోసం ఆగి, మళ్లీ పైకి వచ్చేలోగా కాలినడకన వెళ్లినవాడు అక్కడ కాఫీ తాగుతుంటాడు!

మ్యూజియంలో పాత డబుల్ డెక్కర్ బస్సుని కాస్త నిదానంగా చూస్తే మన కథలోని రెండు పాత్రలూ కనిపిస్తాయి. ముందు, ఇంజను పక్కన, ప్రయాణికులతో సంబంధం లేకుండా ఒక్క మనిషి పట్టే ఇరుకు గది. అది డ్రైవర్‌ది. ఎక్కాడంటే డ్యూటీ అయ్యేదాకా కూర్చోవడమే. వెనక తలుపులేని ఫుట్‌బోర్డు, దాని పక్కనే మేడమీదికి మెట్లు. అది కండక్టర్ రాజ్యం. మెడలో టికెట్ల మిషను, భుజాన డబ్బుల సంచి. ప్రతి స్టాపులో ఎక్కినవాళ్లకి కింద టికెట్లు కొట్టాలి, మళ్లీ పైకెక్కి అక్కడివాళ్లకి కొట్టాలి. అలా ఒక్కో కండక్టర్ రోజుకి 500 నుంచి 750 మెట్ల దాకా ఎక్కేవాడు.

మన లెక్కలో చెప్పుకుంటే, అలిపిరి నుంచి తిరుమల కొండకి ఉన్న మెట్లు సుమారు 3,550. రోజుకి 600 చొప్పున వారంలో ఆరు రోజులు ఎక్కితే 3,600. అంటే ఆ రోజుల్లో లండన్ కండక్టర్ ప్రతి వారమూ మెట్లదారిన ఏడుకొండలు ఎక్కినంత పని చేశాడన్నమాట. మొక్కుకోకుండానే!

బర్మా నుంచి బస్సు దాకా

ఆ మెట్లు లెక్కపెట్టించిన మనిషి పేరు జెర్రీ మోరిస్. 1910లో లివర్‌పూల్‌లో పుట్టి, గ్లాస్గోలో పెరిగాడు. తూర్పు యూరప్ నుంచి వలస వచ్చిన పేద యూదు కుటుంబం. చిన్నప్పుడు తండ్రి అతన్ని ఊరి బయటిదాకా నాలుగు మైళ్లు నడిపించేవాడు. గంటలోపు చేరితే ఐస్‌క్రీం, లేకపోతే లేదు. నడకకీ మనిషికీ ఉన్న సంబంధం గురించి ఆయనకి అందిన తొలిపాఠం అదే కావచ్చు.

లండన్‌లో డాక్టరీ చదివి, రెండో ప్రపంచయుద్ధంలో సైనిక వైద్యుడిగా మన దేశంలోనూ బర్మాలోనూ పనిచేశాడు. యుద్ధం ముగిసి తిరిగెళ్లేసరికి బ్రిటన్లో ఒక వింత పరిస్థితి. క్షయ లాంటి పాత జబ్బులు తగ్గుముఖం పడుతుంటే, గుండెపోటు మాత్రం మగవాళ్లని నడివయసులోనే ఎత్తుకుపోతోంది. కారణం ఎవరికీ తెలియదు. 1948లో అక్కడి వైద్య పరిశోధన మండలి సెంట్రల్ మిడిల్‌సెక్స్ ఆసుపత్రిలో సామాజిక వైద్యం మీద ఒక చిన్న విభాగం పెట్టి, ఆయనకి అప్పగించింది.

మోరిస్ రోగి గుండెని ఒక్కదాన్నే చూడలేదు. ఆ రోగి పగలంతా ఏం పని చేస్తాడో చూశాడు. ఏ వృత్తిలో గుండెజబ్బులు ఎక్కువ, ఏ వృత్తిలో తక్కువ అన్నది లెక్క తీస్తే ఏదైనా దారి దొరుకుతుందేమో అనుకున్నాడు. లండన్ రవాణా సంస్థ వైద్యుల సాయంతో 35 నుంచి 64 ఏళ్ల మధ్య వయసున్న సుమారు 31,000 మంది సిబ్బంది వివరాలు సేకరించాడు. ఎవరికి గుండెపోటు వచ్చింది, ఎవరు చనిపోయారు అన్న రికార్డులు సంస్థ దగ్గర పక్కాగా ఉన్నాయి. కంప్యూటర్లు లేని కాలం. అన్నీ కాగితాలు, చేత్తో వేసిన లెక్కలే.

లెక్క తేలాక తేడా కళ్లకి కట్టింది. ఏడాదికి ప్రతి వెయ్యిమంది డ్రైవర్లలో 2.7 మందికి గుండెజబ్బు వస్తుంటే, కండక్టర్లలో అది 1.9 మాత్రమే. జబ్బు వచ్చిన మొదటి మూడు రోజుల్లోనే ప్రాణం పోయిన సందర్భాలైతే డ్రైవర్లలో ఇంచుమించు రెట్టింపు. కండక్టర్లకి అసలు జబ్బే రాలేదని కాదు. వచ్చినా కాస్త ఆలస్యంగా, కాస్త మెత్తగా వచ్చింది.

ఉత్తరాలు పంచినవాళ్లూ అంతే!

ఇంకొకరైతే వెంటనే పత్రికలకి ఎక్కేవారు. మోరిస్ ఆగాడు. బస్సుల్లో కనబడింది కాకతాళీయమేమో! ఇంకో చోట కూడా అదే కనబడితేనే నమ్మాలి. అందుకే తపాలా శాఖ లెక్కల కోసం ఎదురుచూశాడు.

కోవెంట్ గార్డెన్ నుంచి ఈశాన్యం వైపు అరగంట లోపు నడిస్తే మౌంట్ ప్లెజెంట్ వస్తుంది. బ్రిటిష్ తపాలాకి అది పెద్ద కేంద్రం. 2017లో అక్కడ తపాలా మ్యూజియం తెరిచారు. 1927 నుంచి 2003 వరకూ లండన్ నేల కింద ఉత్తరాలు మోసిన బుల్లి రైలు ఉండేది. ఇప్పుడా సొరంగంలో సందర్శకులని కూర్చోబెట్టి తిప్పుతున్నారు. ఉత్తరాలు రైల్లో వచ్చినా, చివరికి ఇంటి గుమ్మం దాకా మోసింది మాత్రం పోస్ట్‌మ్యానే. సంచి భుజాన వేసుకుని వీధులన్నీ నడిచో, సైకిల్ తొక్కో పంచేవాడు. అదే శాఖలో ఎక్స్చేంజీలో కూర్చుని ఫోన్లు కలిపేవాళ్లు, బల్లల ముందు కాగితాలు రాసే గుమస్తాలు ఉన్నారు.

అక్కడా అదే కథ. తిరిగే పోస్ట్‌మ్యాన్లకి తక్కువ, కూర్చునే గుమస్తాలకీ టెలిఫోన్ ఉద్యోగులకీ ఎక్కువ. ఇక సందేహం తీరింది. 1953 నవంబరులో ‘లాన్సెట్’ వైద్య పత్రికలో రెండు భాగాలుగా ఆ పరిశోధన అచ్చయింది. శరీరశ్రమ చేసే ఉద్యోగాల్లో ఉన్న మగవాళ్లకి గుండెజబ్బు తక్కువ అన్నది దాని సారం.

ప్యాంటు నడుం చెప్పిన నిజం

అంత తేలిగ్గా ఎవరు ఒప్పుకుంటారు? ‘బద్ధకస్తులే డ్రైవర్ ఉద్యోగానికి వెళ్తారేమో, లావుగా ఉన్నవాళ్లే సీటు కోరుకుంటారేమో’ అన్నారు కొందరు. ‘లండన్ ట్రాఫిక్‌లో బండి నడిపితే ఆ ఆందోళనకే గుండె ఆగుతుంది, కూర్చోవడం వల్ల కాదు’ అన్నారు ఇంకొందరు. ప్రశ్నలు న్యాయమైనవే. మోరిస్ వాటిని కొట్టిపారేయకుండా కొత్త ఆధారాల కోసం వెతికాడు. దొరికిన చోటే విచిత్రం... యూనిఫాం కుట్టే విభాగం!

సంస్థే యూనిఫాం కుట్టించి ఇచ్చేది. ప్రతి ఉద్యోగి నడుం కొలత పుస్తకాల్లో ఉంది. వాటిని తిరగేస్తే డ్రైవర్ల ప్యాంట్లకి నడుం చుట్టుకొలత కండక్టర్ల కన్నా ఎక్కువని తేలింది. విమర్శకుల మాటలో కొంత నిజం ఉందన్నమాట. కానీ అక్కడితో ఆగలేదు. సన్నగా ఉన్న డ్రైవర్లని సన్నగా ఉన్న కండక్టర్లతో, బొజ్జ ఉన్నవాళ్లని బొజ్జ ఉన్నవాళ్లతో పోల్చి చూశారు. అప్పుడు కూడా హఠాత్తుగా చనిపోయే ప్రమాదం డ్రైవర్లకే ఎక్కువ. 1956లో అచ్చయిన ఈ అధ్యయనం చెప్పింది ఈనాటికీ పనికొచ్చే మాట. ‘నేను సన్నగానే ఉన్నాను కదా, నాకెందుకు వ్యాయామం’ అనుకోవడానికి లేదు. సన్నగా ఉండి కదలని మనిషి కూడా డ్రైవర్ సీట్లో కూర్చున్నట్టే.

పాతాళంలో పడక కుర్చీలు

కూర్చోవడం వల్ల గుండెకే కాదు, రక్తనాళాలకీ చేటే. ఆ పాఠం కూడా లండన్ కన్నీళ్లతోనే నేర్చుకుంది. దానికి మోరిస్ కన్నా పదేళ్లు వెనక్కి వెళ్లాలి.

రవాణా మ్యూజియానికి నడిచేంత దూరంలో ఆల్డ్‌విచ్ అనే భూగర్భ స్టేషన్ ఉంది. 1994లో మూతపడింది. ఇప్పుడు సినిమా షూటింగులకీ, ముందుగా టికెట్టు కొనుక్కున్న సందర్శకులకీ మాత్రమే దాని తలుపులు తెరుస్తుంటారు. 1940లో జర్మన్ విమానాలు రాత్రిళ్లు బాంబులు కురిపిస్తుంటే ఇలాంటి స్టేషన్లే లండన్ వాసులకి దిక్కయ్యాయి. ఆ సెప్టెంబరులో ఒక్క రాత్రే 1,77,000 మంది భూగర్భ స్టేషన్లలో తలదాచుకున్నారని లెక్క. ఇవి కాక ఊరంతా వేరే షెల్టర్లు. పడుకునే చోటు లేక ఎంతోమంది మడత కుర్చీలు తెచ్చుకుని, వాటిలోనే కూర్చుని రాత్రంతా కునికిపాట్లు పడేవారు.

తెల్లవారాక కొందరు కుర్చీలోంచి లేచి నాలుగడుగులు వేసి కుప్పకూలిపోయేవారు. శరీరం మీద బాంబు గాయం ఉండేది కాదు. కీత్ సింప్సన్ అనే శవపరీక్షల నిపుణుడు ఈ మరణాలని గమనించి, 1940లోనే ‘లాన్సెట్’లో రాశాడు. కుర్చీ అంచు గంటల తరబడి తొడల వెనక నొక్కుతుంది. కాళ్లు కదలవు. రక్తం సిరల్లో నిలిచిపోయి గడ్డకడుతుంది. మనిషి లేవగానే ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి వెళ్లి రక్తప్రవాహానికి అడ్డం పడుతుంది. బాంబు నుంచి తప్పించుకోవడానికి దాక్కున్న మనిషిని కుర్చీ చంపింది! అందుకే కుర్చీలు తీసేసి పడుకోవడానికి బల్లలు వేయాలన్న మాట బలపడింది. తర్వాత షెల్టర్లలో అంచెలంచెలుగా బల్లలు వచ్చాయి.

హైదరాబాద్ నుంచి లండన్‌కి నేరుగా వెళ్లే విమానంలో దాదాపు పది గంటల ప్రయాణం. పిల్లల దగ్గరికి వెళ్లే పెద్దవాళ్లు కిటికీ పక్కన కూర్చుని, పక్కవాళ్లని లేపడానికి మొహమాటపడి, లేవాల్సి వస్తుందని నీళ్లు కూడా తాగరు. ఆ మొహమాటం మంచిది కాదు. గంట గంటకీ మడమలు పైకీ కిందికీ ఆడించాలి, వీలైనప్పుడల్లా లేచి నాలుగడుగులు వేయాలి. గతంలో కాళ్లలో రక్తం గడ్డకట్టినవాళ్లు, ఈమధ్యే ఆపరేషన్ అయినవాళ్లు బయల్దేరే ముందు డాక్టర్ని అడగాలి.

కదలకపోతే లోపల ఏమవుతుంది?

పిక్కల కండరాలని రెండో గుండె అంటారు. అడుగు వేసినప్పుడల్లా అవి బిగుసుకుని, కాళ్లలోని రక్తాన్ని పైకి నెడతాయి. కూర్చుంటే ఆ రెండో గుండె సెలవు పెట్టినట్టే.

మొదటి గుండె కూడా కండరమే. పనిచెబితే బలపడుతుంది, లేకపోతే బలహీనపడుతుంది. రోజూ చురుగ్గా నడిచేవాళ్ల గుండె ఒక్కో స్పందనకి ఎక్కువ రక్తాన్ని పంపగలదు. అందుకే విశ్రాంతిగా ఉన్నప్పుడు తక్కువసార్లు కొట్టుకుంటే సరిపోతుంది. నిమిషానికి 70 చొప్పున రోజుకి 1,00,800 సార్లు కొట్టుకోవాల్సిన గుండె, 60కి దిగితే 86,400తో సరిపెడుతుంది. రోజుకి 14,400 స్పందనల పని మిగిలినట్టు.

రక్తనాళాల లోపలి పొర మరీ సున్నితం. నడిచినప్పుడు రక్తం జోరుగా పారి ఆ పొరని ఒరుసుకుంటూ పోతుంది. ఆ ఒరిపిడికి నైట్రిక్ ఆక్సైడ్ తయారై నాళం వదులవుతుంది, బీపీ అదుపులో ఉంటుంది. గంటల కొద్దీ కూర్చుంటే ఆ ప్రవాహం మందగిస్తుంది. కండరాలు రక్తంలోని చక్కెరనీ కొవ్వునీ వాడుకోవడం తగ్గిస్తాయి. ఇన్సులిన్ మాట వినడం మానేస్తాయి. మంచి కొలెస్ట్రాల్ తగ్గుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ నాళాల గోడల్లో కొవ్వు పేరుకుని గట్టిపడుతుంది. ఓ రోజు ఆ పూత చిట్లి, మీద రక్తం గడ్డకడితే... గుండెలో అయితే గుండెపోటు, మెదడులో అయితే పక్షవాతం.

ఇదంతా ఎంత తొందరగా మొదలవుతుందో 1966లో అమెరికాలోని డాలస్‌లో తేలింది. ఇరవై ఏళ్ల కుర్రాళ్లు ఐదుగురిని మూడు వారాలు మంచం దిగకుండా ఉంచారు. వాళ్ల శరీర సామర్థ్యం దారుణంగా పడిపోయింది. ముప్ఫై ఏళ్ల తర్వాత ఆ ఐదుగురినే మళ్లీ పరీక్షించారు. ముప్ఫై ఏళ్ల వయసు చేసిన నష్టం కన్నా, మూడు వారాల మంచం చేసిన నష్టమే ఎక్కువని తేలింది! ఊరటనిచ్చే సంగతి కూడా ఒకటుంది. వ్యాయామం మొదలుపెడితే పోయింది చాలావరకు తిరిగొచ్చింది.

శుక్ర, శనివారాల్లో ఏం చేశారు?

మళ్లీ లండన్‌కి వద్దాం. థేమ్స్ నది ఒడ్డున, పార్లమెంటు పక్కన వైట్‌హాల్. బ్రిటిష్ ప్రభుత్వ కార్యాలయాలకి ఆ వీధి పేరే పర్యాయపదం. మోరిస్ చూపు తర్వాత ప్రభుత్వోద్యోగుల మీద పడింది. కారణం స్పష్టం. ఒళ్లొంచే ఉద్యోగాలు తగ్గిపోతున్నాయి, కుర్చీ ఉద్యోగాలు పెరుగుతున్నాయి. అందర్నీ కండక్టర్లని చేయలేం. మరి ఆఫీసులో కూర్చునేవాడు సాయంత్రం కదిలితే ఫలితం ఉంటుందా?

1968 నుంచి 1970 వరకు బ్రిటన్‌లోని దాదాపు 17,000 మంది ఉద్యోగులని ఓ సోమవారం ఉదయం చెప్పాపెట్టకుండా అడిగారు. ‘మొన్న శుక్రవారం, శనివారం మీరేం చేశారో నిమిషాలతో సహా రాయండి’ అని. ముందే చెబితే గొప్పలు పోతారుగా! ఈత కొట్టినవాళ్లు, చురుగ్గా నడిచినవాళ్లు, తోటలో గట్టిగా తవ్వినవాళ్లు, ఏమీ చేయనివాళ్లు... అందర్నీ ఏళ్ల తరబడి గమనించారు. 1973లో ఫలితం వచ్చింది. ఒంటికి చెమట పట్టేంత వ్యాయామం చేసినవాళ్లకి గుండెజబ్బు ప్రమాదం, చేయనివాళ్లతో పోలిస్తే మూడో వంతు మాత్రమే.

అంటే ఉద్యోగం కూర్చోబెట్టినా, మనిషి చేతిలో కొంత మిగిలే ఉంది. 2016లో పదిలక్షల మందికి పైగా వివరాలని కలిపి చూసిన అధ్యయనం కూడా ఇదే దారిలో ఉంది. రోజుకి ఎనిమిది గంటలు పైబడి కూర్చునేవాళ్లు కూడా గంట నుంచి గంటంపావు చురుగ్గా నడిస్తే, కూర్చోవడం వల్ల పెరిగిన మరణ ప్రమాదం దాదాపు తుడిచిపెట్టుకుపోతోందని అది తేల్చింది.

గోదావరి ఊళ్లలో...

‘అదంతా దొరల దేశం గోల, మన పల్లెటూళ్లకేం’ అనుకుంటే పొరపాటే. ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 ఊళ్లలో 2003-04లో ఏడాదిపాటు ఎవరు చనిపోయారు, దేనివల్ల చనిపోయారు అని ఇంటింటికీ తిరిగి లెక్క తీశారు. 32 శాతం మరణాలకి గుండె, రక్తనాళాల జబ్బులే కారణం. అంటుజబ్బుల కన్నా ఎంతో ఎక్కువ. ఇందులో పొగాకు వాటా ఉంది, బీపీ వాటా ఉంది, తిండి వాటా ఉంది. కదలకపోవడం ఒక్కటే దోషి కాదు. కానీ నాగలి పోయి ట్రాక్టరు, సైకిల్ పోయి మోటార్‌సైకిల్, రోలు పోయి మిక్సీ వచ్చాక ఒంట్లోని శ్రమ ఎటుపోయిందో ఎవరికి వారికే తెలుసు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు 2024లో ప్రకటించిన లెక్క ప్రకారం, 2022 నాటికి మన దేశంలోని పెద్దవాళ్లలో దాదాపు సగంమంది చాలినంతగా కదలడం లేదు. మగవాళ్లలో 42 శాతమైతే ఆడవాళ్లలో 57 శాతం. ‘పొద్దున లేచింది మొదలు ఇంటి చాకిరీతోనే సరి, ఇంకా ఏం కదలాలి’ అని ఇల్లాళ్లు అడుగుతారు. ప్రశ్నలో న్యాయం ఉంది. ఇల్లు తుడవడం, నీళ్లు మోయడం శ్రమే, దాన్నీ లెక్కలోకి తీసుకోవాలి. పొయ్యి ముందు గంటలు నిలబడటంతో మాత్రం గుండెకి చాలినంత పని పడదు. ఆ చాకిరీలో సగం ఇంట్లో మిగతావాళ్లు పంచుకుని, ఆమెకి అరగంట నడిచే వెసులుబాటు ఇస్తే ఇద్దరి గుండెలూ బాగుపడతాయి.

ఎంత కదలాలి? వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ చాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. అంటే మాట్లాడగలం గానీ పాట పాడలేం అన్నంత వేగంతో నడవడం. ఒకేసారి చేయక్కర్లేదు, ముక్కలు ముక్కలుగా చేసినా లెక్కే. బస్సు ఒక స్టాపు ముందే దిగడం, రెండంతస్తులకి లిఫ్టు మానేయడం, ఫోన్ మాట్లాడుతూ పచార్లు చేయడం కూడా జమలోకి వస్తాయి. అయితే గుండెజబ్బు, మధుమేహం ఉన్నవాళ్లు, ఏళ్ల తరబడి కదలనివాళ్లు ఒక్కసారిగా పరుగు అందుకోకూడదు. నడుస్తుంటే ఛాతీలో బరువు, చేయి లాగడం, ఆయాసం కనిపిస్తే ఆగి, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

గుట్ట మీది బెంచీలు

యాత్రలో చివరి మజిలీ హ్యాంప్‌స్టెడ్. లండన్ భూగర్భ స్టేషన్లలో అన్నిటికన్నా లోతైనది ఇదే, నేల కింద 58 మీటర్లు. మెట్లదారిలో ఎక్కితే 320కి పైగా మెట్లు. అలవాటు లేనివాళ్లు లిఫ్టు ఎక్కితే తప్పేం లేదు. అసలు నడక పైన ఉంది. స్టేషన్‌కి దగ్గర్లోనే దాదాపు 800 ఎకరాల హ్యాంప్‌స్టెడ్ హీత్. అడవిలాంటి చెట్లు, గడ్డిమైదానాలు, ఈతకొట్టే చెరువులు. మోరిస్ ఇల్లు ఈ చుట్టుపక్కలే. 1960లలో ఆయన ఇక్కడ పరుగెత్తుతుంటే, మతి పోయిందేమో అన్నట్టు జనం వింతగా చూసేవారట. ఇప్పుడు తెల్లవారితే పరుగెత్తేవాళ్లే కనిపిస్తారు.

తొంభై దాటినా ఆయన ఈత, నడక మానలేదు. 2009 అక్టోబరులో తొంభై తొమ్మిదో ఏట కన్నుమూశాడు. వ్యాయామం చేసినవాళ్లందరూ వందేళ్లు బతుకుతారని దానర్థం కాదు. ఆయన కూడా అలా చెప్పలేదు. డ్రైవర్‌ది తప్పని కూడా ఎన్నడూ అనలేదు. కుటుంబం కోసం సీట్లో కూర్చున్న మనిషిని బద్ధకస్తుడంటే ఎలా? నడవడానికి దారి, ఆడుకోవడానికి చోటు, ఈతకి కొలను, కడుపునిండా తిండికి చాలిన సంపాదన జనానికి అందేలా చూడటం సమాజం పని అన్నది ఆయన జీవితమంతా చెప్పిన మాట.

అది మన ఊళ్లకీ తగిలే మాటే. హైదరాబాద్‌లో కేబీఆర్ పార్కు, విశాఖలో బీచ్ రోడ్డు తెల్లవారేసరికి నడిచేవాళ్లతో నిండిపోతాయి. పార్కు లేని వీధివాళ్లు ఎక్కడ నడవాలి? ఫుట్‌పాత్ ఉన్నచోట బండ్లు నిలబెట్టి ఉంటాయి, లేనిచోట లారీలు దూసుకొస్తుంటాయి. ‘రోజూ నడవండి’ అని చెప్పే డాక్టరుతో పాటు, ‘ఇదిగో నడిచే దారి’ అని చూపించే మునిసిపాలిటీ కూడా గుండెకి వైద్యం చేసినట్టే. ఆర్టీసీ డ్రైవర్‌కి ట్రిప్పుకీ ట్రిప్పుకీ మధ్య పది నిమిషాలు డిపోలో నడిచే తీరిక దొరికితే అదీ వైద్యమే.

హీత్‌లో పార్లమెంట్ హిల్ అనే చిన్న గుట్ట ఉంది. ఎత్తు 98 మీటర్లే. పైకెక్కితే సెయింట్ పాల్ చర్చి గోపురం నుంచి ఆకాశాన్ని గుచ్చే షార్డ్ భవనం దాకా లండన్ అంతా కాళ్ల కింద పరుచుకుని ఉంటుంది. పైన బెంచీలు వేసి ఉన్నాయి. వాటి మీద కాసేపు హాయిగా కూర్చోవచ్చు. ఎక్కి వచ్చినవాళ్లే కదా అక్కడ కూర్చునేది!